కంపు ఎవరిది? ముక్కు ఎవరిది?

వెయ్యేళ్ళ పాటు మన ఒంటికి కంపు ఉందన్నారు. మన పేట మీంచి గాలి వీస్తే ఊరికి మైల అన్నారు. అందుకే గాలి ఊరిని దాటి పోయే దిక్కు చూసి మన ఇళ్ళు అక్కడ పెట్టించారు. చచ్చిన గొడ్డుని మోసింది మనం. తోలు తీసింది మనం. పాయిఖానా బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచింది మన రెల్లి అక్కచెల్లెళ్ళు. కంపు వాళ్ళది, మోత మనది, పేరు మాత్రం మనకొచ్చింది.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది నిజమే. ఇప్పుడు మనం అర్జీ రాసుకుని వెళ్ళి "అయ్యా, రాత్రిపూట కంపు కొట్టేస్తోంది, పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు, ముద్ద దిగడం లేదు" అంటే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఏమంటున్నాడు? "ఏ కంపూ లేదే! మా మిషన్లో ఏమీ చూపించడం లేదే! అదంతా మీ అనుమానం" అంటున్నాడు. మన దగ్గర లేని కంపు ఉందన్నది వాళ్ళే. మన ఇంట్లోకి నిజంగా వచ్చిన కంపు లేదన్నదీ వాళ్ళే. కంపు ఎక్కడుందో తేల్చే ముక్కు ఎప్పుడూ వాళ్ళ మొహానే ఉంది. తగాదా అక్కడుంది అన్నలారా, అక్కలారా.

మందుల కంపెనీలు, చక్కెర మిల్లులు, డిస్టిలరీలు, మున్సిపాలిటీలు తమ మురికినీటిని బాగుచేస్తామని చెప్పి ప్లాంట్లు కడతాయి. వాటికి 'శుద్ధి కర్మాగారం' అని పేరు. ఈ 'శుద్ధి' అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగితే, ఆ తర్వాత ఆ చెరువుని సవర్ణులు ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి 'శుద్ధి' చేశారు. పేడ కలిపితే శుద్ధి, మనిషి తాగితే మైల! ఈనాటి శుద్ధికి యంత్రాలొచ్చాయి, ఇంజనీర్లొచ్చారు. పద్ధతి మాత్రం అదే. వాళ్ళ రికార్డుల్లో నీరు శుద్ధి అవుతుంది, మన పేటలో గాలి కుళ్ళిపోతుంది.

మన ఉద్యమం నీళ్ళ దగ్గరే పుట్టిందని కుర్రాళ్ళు మర్చిపోకూడదు. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి నీళ్ళు కలుపుతుంటే ఇదేమిటని అడిగినందుకు, 17వ తేదీన ఆరుగురు మాదిగలని చంపారు. గొడ్డళ్ళూ బరిసెలూ తర్వాత సంగతి, ముందు మురికినీళ్ళు. మన జిల్లాల సంగతి చెప్పాలంటే లక్ష్మీపేట ఉండనే ఉంది. మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమిలో నాలుగు గింజలు పండించుకుంటున్న పాపానికి 2012 జూన్ 12న ఐదుగురు మాలలని నరికారు. నీటి కింద మిగిలిన భూమి మనది కాకూడదు, నీటిలో మిగిలిన మురికి మాత్రం మనదే కావాలి.

సరే, ముందు ఈ కంపు ఎలా పుడుతుందో తెలుసుకుందాం. ఇది తెలియకపోతే ఆఫీసరు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడగానే మనం నోరుమూసుకుని వచ్చేస్తాం.

మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి గోగునార గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన మట్టిపెళ్ళలు పెడితే రెండు మూడు వారాలకి కుళ్ళి నార ఊడొస్తుంది. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఆ నార తీసింది మన అమ్మలూ అయ్యలే. ఆ నీళ్ళు ఎందుకు అంత కంపు కొడతాయి? నీళ్ళలో ఉన్న ప్రాణవాయువుని పురుగులు (కంటికి కనిపించని సూక్ష్మజీవులు) తినేస్తాయి. అది అయిపోయాక గాలి అక్కర్లేని ఇంకో రకం పురుగులు పనిలోకి దిగుతాయి. అవి నీటిలోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గాలిగా మార్చి వదులుతాయి. మురిగిన గుడ్డు వాసన దానిదే. కంపెనీ మురికినీటి ట్యాంకులో జరిగేదీ, మున్సిపాలిటీ మురుగు గుంటలో జరిగేదీ అచ్చం ఇదే. తేడా ఏమిటంటే గోగు కంపు ఏడాదికి కొన్ని రోజులుంటుంది, నార తీసి కూలి తెచ్చుకుంటాం, వాన పడితే చెరువు మళ్ళీ చెరువవుతుంది. కంపెనీ కంపుకి కారు లేదు, కోతా లేదు. పైగా దానిలో గుడ్డు వాసన ఒక్కటే కాదు, మందులు తయారుచెయ్యడానికి వాడిన సాల్వెంట్ల ఘాటు కూడా కలుస్తుంది.

మరి ఈ కుళ్ళు ఆపడానికి ప్లాంటులో ఏం చేస్తారు? బ్లోయర్లు పెట్టి నీళ్ళలోకి రాత్రింబవళ్ళు గాలి కొడతారు. గాలి అందితే మంచి పురుగులు బతికి మురికిని తింటాయి, కంపు తగ్గుతుంది. ఇలాంటి ప్లాంటులో ఖర్చయ్యే కరెంటులో దాదాపు సగం ఈ గాలి కొట్టడానికే పోతుంది. అర్థమైందా? బ్లోయరు ఆపేస్తే కరెంటు బిల్లు సగానికి పడిపోతుంది. కొన్ని గంటల్లో ట్యాంకు కుళ్ళడం మొదలెడుతుంది. అంటే మన ముక్కుకి తగిలే ఆ కంపు గాలిలోంచి ఊడిపడింది కాదు, యజమాని మిగుల్చుకున్న కరెంటు బిల్లు. అతని లాభం పుస్తకంలో ఒక అంకె, మన ఇంట్లో ఒక వాంతి.

బ్లోయర్లతోనే అయిపోదు. మురికినీరు మొదట వచ్చి పడే తొట్టి, దాన్ని నిలవ ఉంచే ట్యాంకు, అడుగున దిగిన బురదని ఆరబెట్టే మడులు, ఈ మూడు చోట్లే ఎక్కువ కంపు పుడుతుంది. మూడింటికీ మూతలు వెయ్యొచ్చు. మూత కింద గాలిని గొట్టంతో లాగి, కాస్టిక్ సోడా నీళ్ళతో కడగొచ్చు. అదీ ఖరీదంటే, ఆ గాలిని కంపోస్టు, చెక్కపొట్టు, కొబ్బరిపీచు పరిచిన మడి గుండా పంపితే అందులోని పురుగులే కంపుని తినేస్తాయి. దాన్ని బయోఫిల్టర్ అంటారు. కొబ్బరిపీచు! ఉద్దానం ఉన్న జిల్లాలో కొబ్బరిపీచుకి కరువొచ్చిందా? చెయ్యడం రాక కాదు, చెయ్యమని అడిగేవాడు లేక. కొన్ని చోట్ల దీనికి బదులు సెంటు నీళ్ళు పిచికారీ చేస్తారు. మల్లెపూల వాసనా, కుళ్ళుగుడ్డు వాసనా కలిసి వస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. రణస్థలం మండలం పైడిభీమవరంలో 1990ల నుంచి మందుల కంపెనీలు నడుస్తున్నాయి. హైవే మీద బస్సులో వెళ్ళేవాళ్ళు కిటికీ మూసుకుని దాటిపోతారు. అక్కడ బతికేవాళ్ళకి మూసుకోడానికి కిటికీ ఏది? కందివలస గెడ్డ పూసపాటిరేగ మండలం మీదుగా సముద్రానికి పోతుంది. ఆ గెడ్డ నీరు రంగు మారిందనీ, చేపలు తేలాయనీ రైతులు, జాలర్లు గొంతు పోయేలా అరిచారు. గొట్టాలేసి సముద్రంలోకి వదలడం మీద తీరం ఊళ్ళు కొట్లాడాయి. ఇవతల నాగావళి చూడండి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 చోట్ల నదులు చెడిపోయాయని లెక్క తీస్తే, మన రాష్ట్రం నుంచి తేలిన ఐదు నదుల్లో నాగావళి ఒకటి. శ్రీకాకుళం పట్టణం మురుగు ఎక్కడికి పోతుందో వంతెన మీద నిలబడితే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

తీరం ఊళ్ళలో ఇంకో కిటుకు ఉంది. పగలు గాలి సముద్రం మీంచి నేలమీదికి వస్తుంది. రాత్రి, తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు పోతుంది. కాబట్టి ఒకే ప్లాంటు కంపు పగలు లోపలి పేటలకి, రాత్రి జాలరి ఊళ్ళకి పోతుంది. చలికాలం రాత్రుళ్ళయితే చల్లగాలి నేలకి అంటుకుని పడుకుంటుంది, కంపు పైకి లేవదు, దుప్పటిలా మన మీదే పరుచుకుంటుంది. ఆఫీసరు ఎప్పుడొస్తాడు? పొద్దున్న పదకొండు గంటలకి, జీపులో, కంపెనీకి ముందే కబురు పెట్టి. గేటు దగ్గర నిలబడి గాలి పీల్చి 'బాగానే ఉంది' అని రాసుకుని పోతాడు. ఆయన ముక్కు అబద్ధం చెప్పలేదు. ఆయన వచ్చిన వేళే అబద్ధం.

ఒక పేటలో ఒక మామ్మ నాతో అన్నమాట ఇది: "మేస్టారూ, పగలంతా కూలికెళ్ళి ఒళ్ళు సచ్చిపోయి తొంగుంటాం. ఏ రెండు గంటలకో ముక్కులో పొడిసినట్టయి లెగిసిపోతాం. అప్పుడొచ్చి సూడమను ఆ బాబుని." ఇంతకంటే శాస్త్రీయమైన తనిఖీ ప్రణాళిక ఏ ఇంజనీరూ రాయలేడు.

పక్కన అనకాపల్లి జిల్లాలో పరవాడ ఫార్మా సిటీని ఆనుకుని తాడి అనే ఊరుంది. కంపు భరించలేక, మమ్మల్ని ఇక్కణ్ణుంచి ఎత్తి ఇంకోచోట పెట్టండని ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. 2022 చివర్లో అప్పటి ముఖ్యమంత్రి ఊరు తరలిస్తామని సభలో ప్రకటించారు. ఇందులో ఉన్న అన్యాయం చూశారా? కంపుకి మూతపెట్టమని కంపెనీల మెడలు వంచడం చేతకాలేదు, ఊరినే లేపుతామన్నారు. పుట్టిన ఊరు, పాతిపెట్టిన తాతముత్తాతలు అంతా తేలిక, ట్యాంకు మీద మూతే బరువు!

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మురికినీటికి 1974 చట్టం ఉంది, గాలికి 1981 చట్టం ఉంది, రెండూ కాక 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఉంది. దీని కింద చేసిన నిబంధనల్లో కాలవలోకి వదిలే నీటికి అన్నిటికీ అంకెలున్నాయి. బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. సీఓడీ 250 దాటకూడదు. సల్ఫైడు 2 దాటకూడదు. వాసన దగ్గరికి వచ్చేసరికి అంకె మాయం! రంగూ, చెడు వాసనా సాధ్యమైనంత వరకు తీసేసే ప్రయత్నం చెయ్యాలట. ప్రయత్నం! సాధ్యమైనంత వరకు! మన పిల్లాడు ఫీజు కట్టలేకపోతే 'సాధ్యమైనంత వరకు కట్టు బాబూ' అని ఏ కాలేజీ అయినా అందా? 2008లో కేంద్ర మండలి వాసన కాలుష్యం గురించి మార్గదర్శకాల పుస్తకం వేసింది. మార్గదర్శకం అంటే చట్టం కాదు, పాటించకపోయినా ఎవడూ అడగడు. 2009లో గాలి ప్రమాణాలు ప్రకటించినప్పుడు 12 కాలుష్యాలకి హద్దులు పెట్టారు. అమ్మోనియా ఉంది, సీసం ఉంది, ఆర్సెనిక్ ఉంది. మురుగుగుంటలకి పేరుపడ్డ హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ జాబితాలో లేదు. 2014లో పెద్ద కాలుష్య పరిశ్రమలన్నీ నీటి కొలతల మిషన్లు పెట్టి ఆన్‌లైన్‌లో బోర్డుకి పంపాలన్నారు. ఆ మిషన్లు పీహెచ్ చూస్తాయి, బీఓడీ చూస్తాయి, నీటి పరిమాణం చూస్తాయి. వాటికి ముక్కు లేదు.

పోనీ ఉన్న శిక్షలైనా మిగిల్చారా? 2023లో జన విశ్వాస్ అనే చట్టం తెచ్చి, గాలి చట్టంలో, పర్యావరణ చట్టంలో జైలు శిక్షలు చాలావరకు పీకేసి జరిమానాలు పెట్టారు. పదివేల నుంచి పదిహేను లక్షల వరకు. పదిహేను లక్షలు మనకి ఏడు తరాల సొమ్ము. కోట్లలో మందులు ఎగుమతి చేసేవాడికి అది టీ ఖర్చు. ఎవరి మీద ఎవరికి విశ్వాసం పెరిగిందో ఆ చట్టం పేరు పెట్టినవాళ్ళే చెప్పాలి.

"వాసనని ఎలా కొలుస్తామండీ, అది మనిషి మనిషికీ మారుతుంది కదా" అని మేధావులు దీర్ఘాలు తీస్తారు. జపాన్ వాళ్ళు 1971లోనే చెడు వాసనల మీద ప్రత్యేకంగా చట్టం చేశారు. 22 పదార్థాల పేర్లు రాసి హద్దులు పెట్టారు. అది చాలక మనిషి ముక్కుతోనే కొలిచే పద్ధతి పెట్టుకున్నారు. మూడు సంచులుంటాయి, రెండింటిలో మంచి గాలి, ఒకదానిలో కంపు గాలి. ఏది కంపు సంచో చెప్పాలి. చెప్పలేనంతగా పలచబడే వరకు కంపు గాలిలో మంచి గాలి కలుపుతూ పోతారు. ఎన్ని రెట్లు కలిపితే కంపు పోయిందో అదే దాని కొలత. యూరప్‌లోనూ ఇలాంటి ప్రమాణమే ఉంది. జర్మనీలో అయితే మామూలు మనుషుల్ని ఎంచి, ఊరంతా గళ్ళు గీసి, ఏడాది పొడుగునా వేర్వేరు వేళల్లో ఆ చోట్ల నిలబెట్టి వాసన వచ్చిందా లేదా రాయిస్తారు. ఇళ్ళున్న చోట ఏడాదిలో నూటికి పది గంటలకి మించి కంపు రాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం రాసిన మార్గదర్శకాల్లో, హైడ్రోజన్ సల్ఫైడ్ అరగంట సగటున ఘనపు మీటరు గాలిలో 7 మైక్రోగ్రాములు దాటితే జనం కంపని మొరపెట్టుకుంటారని లెక్క కట్టింది. జర్మనీవాడి ముక్కు కొలత పరికరం, మాలవాడి ముక్కు, మాదిగవాడి ముక్కు, జాలరి ముక్కు అనుమానం. ఇదండీ సంగతి!

ఇంకోటి చెప్తాను. 2015 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మన శ్రీకాకుళం జిల్లాలోని ఒక పెద్ద కంపెనీ ప్లాంటుకి కూడా హెచ్చరిక లేఖ పంపింది. కాలుష్యం గురించి కాదు, మందు తయారీలో, రికార్డుల్లో లోపాల గురించి. అమెరికావాడు మింగే మాత్ర కోసం సముద్రాలు దాటి వచ్చి రికార్డులు విప్పి చూశారు. ఆ మాత్ర తయారుచేసిన నీటి కంపు పీల్చే పేట కోసం, పట్టుమని యాభై కిలోమీటర్లు లేని జిల్లా కేంద్రం నుంచి అర్ధరాత్రి ఒక జీపు కదలదు.

'శుద్ధి చేశాం' అన్న మాటని ఎందుకు నమ్మకూడదో పటాన్‌చెరు నేర్పింది. హైదరాబాద్ పక్కన మందుల కంపెనీల మురికినీటికి 1994లో అందరికీ కలిపి ఒక ప్లాంటు పెట్టారు. దానిలోంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ! కాలవే ఆసుపత్రి అయిపోయింది, జబ్బు మాత్రం నయం కాలేదు.

ఇక లోపలి సంగతి. గేటు బయట కంపు పీల్చేది మన పేట అయితే, గేటు లోపల ట్యాంకులోకి దిగేది మన కుర్రాడే. పర్మినెంటు ఉద్యోగాలు ఎవరివో, మురికినీటి ప్లాంటులో కాంట్రాక్టు పని ఎవరిదో పేర్లు చదివితే తెలుస్తుంది. ఇక్కడ ప్రాణాలకి సంబంధించిన ముక్క ఒకటి ఉంది, కుర్రాళ్ళందరికీ చదివి వినిపించండి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే కంపు కొట్టడం మానేస్తుంది. గాలిలో పదిలక్షల పాళ్ళలో వంద పాళ్ళు చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు చచ్చిపోతుంది. ఐదారువందలు దాటితే మనిషే చచ్చిపోతాడు. 'ఇప్పుడు కంపు లేదు, దిగొచ్చు' అని దిగినవాడు అందుకే తిరిగి రాడు. వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ రాడు. 2021 డిసెంబరులో పరవాడ ఫార్మా సిటీలో వ్యర్థజలాల పంపుహౌసు దగ్గర ఇద్దరు యువ కార్మికులు విషవాయువుకే బలయ్యారు. మురుగుగుంటల్లో మనుషుల్ని దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోయిన కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో, ముప్ఫై లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. సఫాయి కర్మచారి ఆందోళన్, కోలార్ బంగారు గనుల్లో పుట్టిన మన తెలుగుబిడ్డ బెజవాడ విల్సన్, వేలాది మంది రెల్లి, మాదిగ, వాల్మీకి అక్కలు కొట్లాడి తెచ్చుకున్నవి అవి. ట్యాంకులోకి దిగమంటే గాలి పరీక్ష చేసే మీటరు చూపించమని అడగండి. అది లేకపోతే దిగొద్దు. కూలి పోతే పోనీ.

కూలి మాట వచ్చింది కాబట్టి, మనలోనే కొందరు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాలి. "మేస్టారూ, కంపెనీ మూసేస్తే మా నోట్లో మట్టే కదా?" అంటారు. మూసెయ్యమని ఎవడన్నాడు? మూత వెయ్యమంటున్నాం. మూతకీ మూసివేతకీ తేడా తెలియనట్టు నటించేది యజమాని. ఆ నటనని మన పేటలో ఊరేగించేది, ట్యాంకరు కాంట్రాక్టు కోసం కంపెనీ గేటు దగ్గర తిరిగే మన సొంత నాయకులు. అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ ఖర్చు ఇచ్చినవాడే రాత్రి బ్లోయరు ఆపుతున్నాడని తెలిసీ మాట్లాడరు. నేనొక చిన్న మాట అడుగుతాను. మీ ఫ్లెక్సీలో బాబాసాహెబ్ కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు కదా, ఆ కోటుకి కూడా ఆ కంపు పట్టదా?

నగరాల నుంచి వచ్చే పర్యావరణవాదులతో కూడా నాకు పేచీ ఉంది. వాళ్ళు దీన్ని 'న్యూసెన్స్' అంటారు. పక్కింటి రేడియో గోల కూడా న్యూసెన్సే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేను. హైస్కూల్లో నా పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవారు. చొక్కా ఉతుక్కుని వెళ్ళినా మూసుకునేవారు. అది వాసన కాదు, కులం. ఇవాళ నా దగ్గర చదివే పిల్లలు కంపెనీ పక్క పేటలోంచి వస్తారు, వాళ్ళ బట్టలకి నిజంగానే ఆ ఘాటు పట్టి ఉంటుంది. పక్క పిల్లలు మళ్ళీ ముక్కు మూసుకుంటున్నారు. అంటరానితనం రద్దయిందని పదిహేడో అధికరణం చెబుతుంటే, కంపెనీ గొట్టం దాన్ని తిరిగి మా పిల్లల చొక్కాలకి రాసి పంపుతోంది. దీనికి న్యూసెన్స్ అనే మాట సరిపోతుందా?

అందుకే మనం దీన్ని మన చట్టంతో పట్టుకోవాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దానిలో మూడో సెక్షను ఒకటో సబ్ సెక్షను 'బి' క్లాజు చూడండి. ఎస్సీ ఎస్టీల ఆవరణలో గానీ గుమ్మం దగ్గర గానీ మలం, మురుగు, కళేబరం, ఇంకే అసహ్యకరమైన పదార్థమైనా పారబోస్తే నేరం. 'ఎక్స్' క్లాజు, ఎస్సీ ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊట, చెరువు, నీటివనరు ఏదైనా పాడుచేస్తే నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు. వాసన అన్న మాట ఈ చట్టంలో లేదు, నిజమే. కానీ వాసన తెచ్చే నీరు ఉంది, బురద ఉంది, ట్యాంకరు ఉంది. రాత్రి ట్యాంకరు మన పేట గెడ్డలో నీళ్ళు వదిలితే, బండి నంబరు, టైము, ఫోటో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. కాలుష్యం ఆఫీసుకి పొమ్మంటే పోకండి, రెండూ వేరు వేరు కేసులు. ఆర్డీవోకి కూడా అర్జీ పెట్టండి. పాత సీఆర్‌పీసీ 133 సెక్షను 2024 జులై నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. ప్రజలకి హాని చేసే కంపుని తొలగించమని ఆర్డరు వెయ్యడానికి ఆయనకి అధికారముంది. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సెక్షను పట్టుకునే మురుగుకాలవల కంపు తీయించమన్నారు, డబ్బు లేదన్న సాకు ఒప్పుకోలేదు.

అన్నిటికీ సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం తయారుచేసే పని మనదే.

ప్రతి పేటలో ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. దాని పేరు కంపు పుస్తకం. కంపు వచ్చిన ప్రతిసారీ తేదీ, గంట, ఎంతసేపుంది, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది రాయాలి. గాలి దిక్కుకి పొయ్యి పొగ చూస్తే చాలు. ఎలాంటి వాసన? మురిగిన గుడ్డా, కుళ్ళిన క్యాబేజీనా, ఎండుచేపా, ఉచ్చ కంపా, రంగు డబ్బా ఘాటా? గుడ్డయితే సల్ఫైడు, క్యాబేజీ అయితే మెర్కాప్టాన్, చేప కంపయితే ఎమీన్లు, ఉచ్చ కంపయితే అమ్మోనియా, రంగు డబ్బా అయితే సాల్వెంటు. ఈ తేడా తెలిస్తే ప్లాంటులో ఏ మూల తప్పు జరుగుతోందో ఇంజనీరు తప్పించుకోలేడు. ఎంత ఘాటుగా ఉందో సున్నా నుంచి ఐదు వరకు మార్కు వెయ్యండి. అన్నం మానేసి లేచిపోయేంత అయితే ఐదు. ఎవరికి వాంతి, ఎవరికి తలనొప్పి, ఎవరికి దగ్గు అన్నది కూడా రాయాలి. రాసేవాళ్ళు ఇద్దరుండాలి, వేర్వేరు వీధుల్లో ఉండాలి, ఒకరిది చూసి ఇంకొకరు రాయకూడదు. జలుబు ఉన్న రోజు రాయొద్దు. కంపులోనే గంటసేపు కూర్చుంటే ముక్కు మొద్దుబారుతుంది కాబట్టి కాస్త దూరం పోయి వచ్చి మళ్ళీ చూడాలి. అడ్డపొగ సుట్ట తాగే మామ్మల్ని ఈ పనికి పెట్టకండి, వాళ్ళకి కోపం వస్తే నా పేరు చెప్పండి.

ఆడవాళ్ళ వెండి పట్టీలు, మట్టెలు త్వరత్వరగా నల్లబడుతున్నాయేమో చూడండి. సల్ఫైడు వెండిని నల్లబరుస్తుంది. చెమటకీ నల్లబడతాయంటారు కాబట్టి తోమిన పట్టీ ఒకటి గుమ్మానికి దారంతో కట్టి, అలాంటిదే ఒకటి కంపు రాని ఊళ్ళో చుట్టాల ఇంటికి కట్టి నెల తర్వాత పక్కపక్కన పెట్టి ఫోటో తియ్యండి. హైస్కూలు సైన్సు మాస్టారు మనవాడైతే లెడ్ ఎసిటేట్ కాగితం తెప్పించమనండి, సల్ఫైడు తగిలితే అది కూడా నల్లబడుతుంది.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి కాలుష్య నియంత్రణ మండలిని మూడు కాగితాలు అడగండి. ఆ ప్లాంటుకి ఇచ్చిన అనుమతి షరతులు, గత రెండేళ్ళ తనిఖీ రిపోర్టులు, అవి ఏ తేదీన ఏ గంటకి చేశారన్నది. మూడోది అడగడం మర్చిపోకండి. మీ కంపు పుస్తకంలో గంటలు ఒక పక్క, వాళ్ళ తనిఖీ గంటలు ఇంకో పక్క పెట్టి చదివితే ఉపన్యాసం అక్కర్లేదు.

మీ ఊళ్ళలో ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం జరపాలి, తహశీల్దారు, ఎస్సై రావాలి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ కూర్చోవాలి. కంపు పుస్తకం ఆ రెండు చోట్లా చదివి మినిట్స్‌లో రాయించాలి. కంపెనీ రాత్రి తనిఖీ, ట్యాంకులకి మూత, బ్లోయర్ల కరెంటు మీటరు రీడింగు పంచాయతీ బోర్డు మీద, ఈ మూడూ అడగండి. మీటరు రీడింగు దగ్గర గట్టిగా పట్టుబట్టండి, బ్లోయరు ఆగిన రాత్రి అక్కడే దొరుకుతుంది.

పుస్తకం ఒకటే ఉంటే ఎవడైనా చింపేస్తాడు. రెండు కాపీలు రాయండి. ఒకటి మన పేటలో ఉండాలి. రెండోది రాత్రి కంపు పోయే జాలరి ఊళ్ళో ఉండాలి, పగటి పేజీలు మనవి, రాత్రి పేజీలు వాళ్ళవి. ఈ పదిహేను రోజుల్లో పుస్తకం మొదలుపెట్టిన పేటలు మొదటి నాలుగు పేజీలు జెరాక్సు తీసి పత్రికకి పంపితే, వచ్చే సంచికలో ఊరి పేరుతో, గంటలతో సహా వేస్తాం.